గాలిలో ఒక తోట

బోస్టన్ నగరమున అద్దె ఇండ్ల ఒప్పందములు చాలభాగము సెప్టెంబరు 1వ తేదీననే మొదలగును గనుక, ముందటి రాత్రికి పాత కాపురములు లేచి, మరునాటి ఉదయమునకు కొత్త కాపురములు దిగు ఆ సంధికాలమున, ఆల్‌స్టన్ పేట కాలిబాటలమీద పరుపులు, కుర్చీలు, పుస్తకాల బీరువాలు, ఒక కాలు విరిగిన భోజనపు బల్లలు, తీగలు తెగిన గిటారులు గుట్టలు గుట్టలుగా పడియుండును. ఆ పేటలోని విద్యార్థులు ఆ దినమును పరిహాసముగా ‘ఆల్‌స్టన్ క్రిస్మసు’ అందురు. 1985లో, అమెరికాలో అడుగుపెట్టి పట్టుమని పది దినములైనను కాని నేను, అట్టి గుట్ట నొకదానినుండి ఒక గడియారపు రేడియోను ఏరుకొని చంకనిడుకొని ఇంటికి వచ్చితిని. దాని గడియారము నడచుట లేదు. రేడియో మాత్రము పలుకుచుండెను.

“ఒరేయ్, ఎవరింట్లో ఏం జరిగి బయట పారేశారో, దాన్ని పట్టుకొచ్చి మన నెత్తిన పెట్టావు” అని, గదిలో నాతో ఉండిన గుంటూరు మిత్రుడు పసుపునీళ్లు చల్లినంత పని చేసెను. అతని మాటలో కొంత న్యాయము లేకపోలేదు. ఊరక దొరికినదానిని ఎత్తుకొనుట మా తెనాలి ప్రాంతమువారికి చిన్నతనము. కాని అప్పటికి నా జేబులో ఉన్న డాలర్లను లెక్కించిన, ఆ చిన్నతనమును భరించుటయే సుళువని తోచెను.

రేడియో నాకు కొత్త వస్తువు కాదు. సాయంకాలములందు మా ఊరి పంచాయతీ కార్యాలయపు అరుగుమీద పదిమందితో చతికిలబడి, విజయవాడ కేంద్రమువారు ప్రసారము చేయు పంటల కబుర్లును నాటకములును వినుచు పెరిగినవాడను. మా నాయనగారు మర్ఫీ రేడియో కొనితెచ్చిన ఏట, పోస్టాఫీసునకు పోయి దానికొక లైసెన్సు పుస్తకము సంపాదించి, ఏటేట రుసుము చెల్లించి ముద్ర వేయించుకొని, ఆ పుస్తకమును పొలము దస్తావేజులతో కలిపి ఇనుపపెట్టెలో దాచుట ఎరిగినవాడను. లైసెన్సు వినువానికి ఉండవలెనను తలంపుతో సముద్రములు దాటిన నాకు, అచ్చట వినువానిని అడుగువాడే లేడనియు, లైసెన్సు పలుకువానికే కావలయుననియు, పైగా ఆ లైసెన్సును ఒకరినుండి మరియొకరు పొలము కొన్నట్లు కొనవచ్చుననియు తెలియుటకు చాలకాలము పట్టినది.

మేము ఉండినది నేలమాళిగలోని గది. దానికి ఉన్న ఒక్క కిటికీనుండి వీధిన పోవువారి పాదరక్షలు తప్ప మరేమియు కనిపించెడిది కాదు. ఎఫ్.ఎమ్. తరంగములు ఇంచుమించు వెలుగువలె తిన్నగా పోవునవి. కొండయో మేడయో అడ్డము వచ్చెనా, అంతటితో సరి. ఆకాశగంగను పాతాళమునకు దింపిన భగీరథునికి ఎంత ప్రయాసమయ్యెనో గాని, ఆ గదిలోనికి ఒక పాటను దింపుటకు నాకు అంతకు తక్కువ కాలేదు. ఏలయన, ఆ రేడియో వెనుక వ్రేలాడవలసిన ఏరియలు తీగను ఎవరో మొదలంట కత్తిరించియుండిరి. మర త్రిప్పుచు పోగా, 88.1 దగ్గర ఎమ్.ఐ.టి. విద్యార్థుల స్టేషను, 88.9 దగ్గర ఎమర్సన్ కళాశాలవారిది, 90.3 దగ్గర బోస్టన్ కాలేజీవారిది, 95.3 దగ్గర హార్వర్డువారిది, 104.1 దగ్గర నగరమునకంతకు ఏలికవంటి డబ్ల్యు.బి.సి.ఎన్. వచ్చును. ఈ నడుమ 101.7 వద్ద, పెంకుటింటిపై వాన కురియుచున్నట్టి చప్పుడు చాటునుండి ఒక పాట లేచుచు మునుగుచు ఉండెడిది. రేడియో తలపై అరచేయి మోపిన ఆ పాట దగ్గరకు వచ్చును. చేయి తీసిన వెడలిపోవును. రాత్రి పదకొండు గంటలవేళ, కుడిచేత అన్నము కలుపుకొనుచు, ఎడమచేయి రేడియోపై ఉంచి, దానిని ఆశీర్వదించుచున్నవానివలె కూర్చుండిన నన్ను చూచి నా మిత్రుడు తల కొట్టుకొనెడివాడు.

విశ్వవిద్యాలయపు కంప్యూటరు గదిలో నాతోపాటు రాత్రిపూట కాపుండు లిన్ పట్టణపు కుర్రవాడొకడు నా అవస్థ విని నవ్వి, కాగితముమీద లెక్క కట్టి చూపెను. 101.7 మెగాహెర్ట్జుల తరంగము నిడివి 3 మీటర్లకు రవంత తక్కువ. అందులో నాలుగవ వంతు నిడివిగల తీగ దొరికినచో ఆ తరంగము దానిమీద పిట్టవలె వచ్చి వ్రాలును. పాత టెలిఫోను తీగను స్కేలు పెట్టి సరిగా 74 సెంటీమీటర్లకు కత్తిరించి, ఒక కొసకు క్రొకడైలు క్లిప్పు తగిలించి ఇచ్చెను. ఆ క్లిప్పును తెగిన తీగ మొదటికి కరపించి, రెండవ కొసను కిటికీ చట్రమునకు అంటించితిని. వాన ఆగినది. పాట గదిలోనికి వచ్చి కూర్చున్నది.

ఆ స్టేషను తన ఊరిదే యని ఆ కుర్రవానికి గర్వము. బోస్టనుకు ఈశాన్యమున సముద్రపుటొడ్డున ఉన్న లిన్, ఒకప్పుడు పాదరక్షల కర్మాగారములకు దేశమంతట పేరుపడి, అవి మూతపడగా వెలవెలబోయిన పట్టణము. అచ్చటినుండి ఒక చిన్న ఎఫ్.ఎమ్. స్టేషను కొత్తరకపు పాటలు వేయుచుండగా, ‘బోస్టన్ ఫీనిక్స్’ అను వారపత్రిక యజమాని స్టీఫెన్ మిండిచ్ దానిని కొని, 1983 ఏప్రిలులో డబ్ల్యు.ఎఫ్.ఎన్.ఎక్స్. అని పేరు మార్చి, ఎక్స్ఛేంజి వీధిలోని స్టూడియోనుండి నడుపసాగెను. (మిసిసిపీ నదికి తూర్పున ఉన్న స్టేషన్ల పేర్లు డబ్ల్యుతోను, పడమట ఉన్నవి కె అను అక్షరముతోను మొదలగుట అచ్చటి వాడుక, తక్కిన మూడక్షరములను గబగబ పలికిన ఫీనిక్స్ అను పక్షిపేరు వినిపించును.) మొదటి దినమున మొదట వేసిన పాట ఇంగ్లండు దేశపు ‘ది క్యూర్’ బృందమువారిది. ఈ ముక్క పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను.

ఆల్టర్నేటివ్ రాక్ అనుదానిని ‘ప్రత్యామ్నాయ సంగీత’మని తెలుగు చేసినచో అది ఏదో పంటల బీమా పథకమువలె వినిపించును. పెద్ద స్టేషన్లవారు తమ సలహాదారులు తయారుచేసి ఇచ్చిన పాటల పట్టికను పట్టుకొని గానుగెద్దువలె తిరిగినచోటనే తిరుగుచుండ, ఆ పట్టికలో చోటు దొరకని పాటలకు, అనగా మాంచెస్టరునుండి వచ్చిన ‘ది స్మిత్స్’వారి దిగులునకు, జార్జియా రాష్ట్రపు ఏథెన్సునుండి వచ్చిన ‘ఆర్.ఇ.ఎమ్.’వారి గొణుగుడునకు, 1986లో బోస్టనులోనే ఏర్పడిన ‘పిక్సీస్’వారి కేకలకు నిలువ నీడ యిచ్చిన స్టేషన్లివి. ఆ సంగీతము నాకు వినిన వెంటనే నచ్చినదని చెప్పిన అబద్ధమగును. ఘంటసాల కంఠమునకు అలవాటుపడిన చెవులకు అది పెనముపై గరిట గీచినట్లుండెను. “ఆ పళ్లు కొరికే మోత ఆపి, క్యాసెట్టు పెట్టరా” అని నా మిత్రుడు అనునపుడు నేనును లోలోపల ఔననుకొనినవాడనే. అయినను ఆపలేదు. పాటకును పాటకును నడుమ ఒక మనిషి మాటాడుచుండెను. అతడు మేలుకొని ఉండెను. మేలుకొని ఉన్నవారితో మాటాడుచున్నానని ఎరిగి మాటాడుచుండెను. రాత్రి రెండు గంటలకు, మంచు కురియు వీధిలోనికి చూచుచు అన్నము వార్చుకొను పరదేశికి ఆ ఎరుక ఎట్టిదో, అనుభవించినవారికి చెప్పనక్కరలేదు. అనుభవింపనివారికి చెప్పిన తెలియదు.

ఒక పాట చెవిని పట్టుకొని వదలకున్న, దాని పేరు తెలిసికొనుటకు స్టేషనునకు టెలిఫోను చేయుట తప్ప గత్యంతరము లేని కాలమది. ఒక రాత్రి ధైర్యము చేసి చేసితిని. చాలసేపు మ్రోగిన పిదప, గాలిలో వినవచ్చు ఆ కంఠమే నా చెవిలో పలికెను. పాట పల్లవి నాకు అర్థము కాలేదు గనుక కూనిరాగము తీసితిని. నాకున్న స్వరజ్ఞానము సినిమా పాటలది గనుక, అది ఏ సుశీలమ్మ పాటవలెనో ధ్వనించి ఉండును. అవతలివాడు ఒక క్షణము మౌనముగా ఉండి, దయచేసి మరియొకసారి పాడుమనియు, ప్రక్కనున్న మిత్రుడు కూడ వినవలెననియు కోరెను. మరల పాడితిని. ఇద్దరును నవ్విరి, నేనును నవ్వితిని, పిమ్మట అది స్మిత్స్‌వారి పాటయని చెప్పి, నా పేరడిగి, దానిని తన నోట ఎన్ని వంకరలు తిప్పవచ్చునో అన్ని వంకరలు తిప్పి గాలిలో పలికి, ఆ పాటను నాకొరకు మరల వేసెను. లిన్ మొదలుకొని ఆల్‌స్టన్ వరకు మేలుకొని ఉన్న ప్రతివాడును నా పేరు వినెను గదా యని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు న్యూబరీ వీధిలోని న్యూబరీ కామిక్స్‌కు పోయి ఆ రికార్డు కొంటిని. 1978లో ఎమ్.ఐ.టి. విద్యార్థులిద్దరు బొమ్మల కథల పుస్తకములు అమ్ముటకు పెట్టిన ఆ అంగడి అప్పటికే రికార్డుల అంగడిగా మారియుండెను. రికార్డు వేయు యంత్రము నాకు లేదని ఇంటికి వచ్చిన పిమ్మట గాని స్ఫురింపలేదు.

మధ్యాహ్నము జూలీ క్రేమర్ నడుపు కార్యక్రమమునకు ‘లెఫ్టోవర్ లంచ్’ అని పేరు. శ్రోతలు కోరిన పాతపాటలు అందు వడ్డించెడివారు. దానిని నేను చద్దన్నమని పిలుచుకొంటిని. మాగాయ నంజుకొనుచు విన్న దినములును కలవు. ఆదివారము ఉదయమున జాజ్ సంగీతము వచ్చెడిది. స్వలింగ ప్రేమికుల కొరకు ‘వన్ ఇన్ టెన్’ అను కార్యక్రమము ఉండెడిది. ఆ విషయమును గూర్చి చీకటిలో గుసగుసలు తప్ప వినని నాకు, మామూలు మనుషులు మామూలు గొంతులతో తమ సంసారములను గూర్చి, తలిదండ్రులతో పడిన తగవులను గూర్చి చెప్పుకొనుట వినినపుడు, నా బుర్రలోని కొన్ని గదుల తలుపులు కిర్రుమని తెరచుకొనెను.

1990లో వివాహమై మా ఆవిడ వచ్చినది. మరుసటి సంవత్సరము ఆగస్టు నెలాఖరున ఒక సాయంకాలము, కర్ట్ సెయింట్ థామస్ అను కార్యక్రమ నిర్వాహకుడు, ఇంకను అంగళ్లకు రాని ఒక రికార్డును మొదటినుండి చివరివరకు వరుసగా వేసెను. ఆ బృందము పేరు ‘నిర్వాణ’. ఆ మాట విని, ఏ బౌద్ధభిక్షువుల స్తోత్రమో యని వంటగదినుండి చేతులు తుడుచుకొనుచు వచ్చి కూర్చుండిన మా ఆవిడ రెండు నిమిషములు విని, “ఏమండీ, నిర్వాణమంటే ఇంత గోలగా ఉంటుందా?” అని అడిగి లేచిపోయెను. సెప్టెంబరు 23వ తేదీ రాత్రి, స్టేషను పుట్టినదినపు ఉత్సవమునకు, ఫెన్‌వే పార్కు ప్రక్కనున్న లాన్స్‌డౌన్ వీధిలోని యాక్సిస్ క్లబ్బులో ఆ బృందమువారు వాయించిరి. మరునాడే ‘నెవర్‌మైండ్’ అంగళ్లకు వచ్చెను. 1992 జనవరికి దేశములోనెల్ల మొదటి స్థానమున నిలిచెను. ఆ రాత్రి నేను క్లబ్బునకు పోలేదు. ఇంట బియ్యము నిండుకొన్నవి. ఇరువది పౌండ్ల సంచి భుజముమీద వేసికొని, ఆ వీధికి రెండు వీధుల ఈవలనుండి ట్రాలీబండి ఎక్కి ఇంటికి వచ్చితిని. చరిత్రకును నాకును నడుమ ఎప్పుడును ఒక బియ్యపు సంచి అడ్డము వచ్చుచునే యున్నది.

ఇల్లు వెలిగిన ఆ దినముననే ఇంటికి చెదపట్టుట మొదలైనదని ఇప్పుడు తోచుచున్నది. ఎవరును వేయని పాటలు వేయుటే వృత్తిగాగల స్టేషనుకు, ఆ పాటలనే ఎల్లవారును వేయుట మొదలిడిన పని యేమి మిగులును? 104.1 కథ చెప్పిన ఇది తేటపడును. 1968 మార్చిలో ‘క్రీమ్’ బృందమువారి పాటతో రాక్ సంగీతమునకు తెరతీసిన ఆ డబ్ల్యు.బి.సి.ఎన్., తన కాలమున తానే ఒక తిరుగుబాటు. ప్రుడెన్షియల్ టవరు 50వ అంతస్తునుండి చార్లెస్ లాక్విడారా ఉదయమున పలుకుచున్న, ఊరంతయు అతని మాటకు నవ్వుచు పనిలోనికి పోయెడిదట. 1979లో కొత్త యజమానులు వచ్చి సిబ్బందిలో పలువురిని ఒక్కసారిగా తొలగింపగా, తక్కినవారందరు సమ్మెకట్టి, శ్రోతలును వ్యాపార ప్రకటనలిచ్చువారును వారి పక్షమే నిలువగా, మూడు వారములలో యజమానులే దిగివచ్చిరని లిన్ కుర్రవాడు పురాణము చెప్పినట్లు చెప్పెడివాడు. అట్టి స్టేషను కాలక్రమమున ముదిరి, పెద్దదై, 1995 ప్రాంతమున ఆల్టర్నేటివ్ పాటలకే తిరిగినది. ఏనుగు వచ్చి మేకలు మేయు పొదలో మూతిపెట్టినట్లయినది.

1996 ఫిబ్రవరిలో క్లింటన్ సంతకము చేసిన టెలికమ్యూనికేషన్ల చట్టము దీనికి తోడైనది. అంతకు ముందు ఒక సంస్థ దేశమంతట 40 స్టేషన్లకు మించి ఉంచుకొనరాదు. చట్టము ఆ హద్దును తీసివేసి, పెద్ద నగరములందు ఒక్కచోటనే 8 వరకు ఉంచుకొనవచ్చునని తెరపినిచ్చెను. కొద్ది సంవత్సరములలో క్లియర్ ఛానెల్ అను సంస్థయొక్కటియే 1,200కు మించిన స్టేషన్లకు అధిపతియైనది. గాలి ప్రజలదనియు, లైసెన్సుదారుడు ప్రజల ప్రయోజనమునకై దానిని వాడుకొను కౌలుదారు మాత్రమేననియు 1934నాటి చట్టము చెప్పుచునే యున్నది. కౌలు కాగితము మాత్రము కోట్లకు చేతులు మారుచుండెను. కొన్నవాడు అప్పుచేసి కొనును. అప్పునకు వడ్డీ కట్టుటకు మనుషులను తగ్గించును. ఒక ఊరిలో కూర్చున్నవాడు పది ఊళ్లకు చాలినన్ని మాటలు ముందుగా రికార్డు చేసి పంపును. రాత్రి రెండు గంటలకు టెలిఫోను చేసిన ఎత్తువాడుండడు.

నా పాపము నేను చెప్పుకొనవలెను. శ్రోతల సంఖ్యను కట్టుటకు ఆర్బిట్రన్ అను సంస్థవారు ఇండ్లకు చిన్న పుస్తకములు పంపెడివారు. ఒక వారము ఏ గంటలో ఏ స్టేషను వింటిమో అందు వ్రాసి పంపవలెను. ఆ లెక్కనుబట్టి ప్రకటనల వెల నిర్ణయమగును. 1990ల చివర ఒకసారి మా ఇంటికి ఆ పుస్తకము, దానితో ఒకటి రెండు డాలరు నోట్లు వచ్చినవి. మా ఆవిడ ఏమియు వినదు. పాపకు నాలుగేండ్లు. నేను మాత్రము, నిద్రించిన గంటలు కూడ వింటినని, మా ఆవిడ కూడ వినెనని, 101.7 అని నింపి నింపి పంపితిని. దొంగలెక్క వ్రాయుట పొలము దేవాలయపు మాన్యమని చూపినంత పాపము కాదని అప్పటి సమాధానము. కాని ఆ పుస్తకముల కాలము కూడ తీరినది. 2007లో ఫిలడెల్ఫియా, హ్యూస్టను నగరములతో మొదలై, చేతిలో ఇమిడిపోవు ఒక మీటరు వచ్చినది. మనిషికి వినరాని సంకేతమును అది విని, నిజముగా ఏ స్టేషను చెవిసోకెనో దానినే లెక్కకట్టును. దానికి అభిమానముతో పని లేదు. మంగలి దుకాణములో, కిరాణాకొట్టులో మ్రోగు పాట కూడ దాని లెక్కకు వచ్చును. ప్రేమతో నింపిన దొంగలెక్క రాదు. అప్పటికి నేనును ఒక ఐపాడ్ కొని, చెవులలో తీగలు పెట్టుకొని రైలు ఎక్కుచుంటిని.

ఒక్కొక్క నగరమున దీపము లారిపోయినవి. 2005 జనవరిలో వాషింగ్టను ప్రాంతపు డబ్ల్యు.హెచ్.ఎఫ్.ఎస్. ఒక మధ్యాహ్నము హఠాత్తుగా స్పానిషు పాటల స్టేషనైనది; మరుసటి నెలలో ఫిలడెల్ఫియావారి వై-100 పోయెను. 2009 జనవరిలో లాస్ ఏంజెలెస్ నగరపు ఇండీ 103.1 గాలిని వదలి ఇంటర్నెట్టునకు పోయెను. ఆ ఆగస్టులోనే మా డబ్ల్యు.బి.సి.ఎన్. కథయు ముగిసినది. 2011లో షికాగోవారి క్యూ-101, న్యూయార్కువారి 101.9 ఒకే చేతికి అమ్ముడుపోయి వార్తల స్టేషన్లైనవి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క కారణము చెప్పిరి. నాకు మాత్రము మా మేనమామగారి నూజివీడు తోటయే కనుల కట్టెడిది.

అది చిన్నరసముల తోట. నేను పుట్టకముందు తాతగారు నాటినది. హైదరాబాదునుండి, విజయవాడనుండి కార్లలో మనుషులు వచ్చి పొలములు చూచుకొని పోవుచుండిన ఆ రోజులలో, ఒక వేసవి నేను ఇంటికి పోవునప్పటికి, తోటను ప్లాట్లవారికి అగ్రిమెంటు వ్రాసి ఇచ్చియుండిరి. చెట్లనిండ కాయలున్నవి; మొదళ్లకు ఎర్రరంగు గుర్తులు వేసియున్నవి. “కాపు ఉంది కదా మామయ్యా, ఇప్పుడెందుకు అమ్మడం?” అంటిని. ఆయన నులకమంచముమీద కూర్చుండి, కత్తితో కాయ కోయుచు, తల యెత్తకయే, “ఎకరం కాయ ఎంత తెస్తుందో నాకు తెలుసు. ఎకరం నేల ఎంత తెస్తుందో కూడా తెలుసు. ఇంకేం లెక్క కావాలిరా అబ్బాయీ?” అనెను. కాయ తీయగా ఉండెను. నేను మరియొక ముక్క అందుకొంటిని.

2012 మే నెలలో డబ్ల్యు.ఎఫ్.ఎన్.ఎక్స్. లైసెన్సును 1 కోటి 45 లక్షల డాలర్లకు క్లియర్ ఛానెల్‌కు అమ్ముచున్నారని వార్త వచ్చినపుడు, నాకు మామయ్యగారి కత్తి చప్పుడు వినిపించినది. మిండిచ్‌ను నిందించుటకు నాకు నోరు రాలేదు. 29 సంవత్సరములు ఆ మనిషి ఒక బలహీనమైన తరంగమును పట్టుకొని పెద్దవారి నడుమ నిలిచెను. పత్రికలకు ప్రకటనలు ఎండిపోవుచున్న కాలమది. స్టేషను అమ్మినను పత్రిక బ్రతుకలేదు, మరుసటి మార్చిలో ‘ఫీనిక్స్’ కూడ ఆగిపోయెను. జూలైలో చివరిసారి మనుషులు మాటాడిన దినమున, కారును వీధివారన ఆపుకొని వింటిని. పాతవారెందరో వచ్చి పలికిరి. అందరి పిమ్మట, మొదటి దినమున వేసిన ఆ క్యూర్‌వారి పాటనే మరల వేసి ముగించిరి. దాని పేరునకు అర్థము ‘పదండి, పడుకొందము’ అని. 1983లో అది చిలిపి మాట.

కొందరు జాకీలను ‘బోస్టన్ గ్లోబ్’ పత్రికవారు చేరదీసి ఇంటర్నెట్టులో ఒక స్టేషను పెట్టిరి. మంచి పనియే. కాని దానిని వినుటకు కిటికీ చట్రమునకు తీగ కట్టనక్కరలేకపోయెను, గాలివాటు చూడనక్కరలేకపోయెను. ఆ స్టేషను విజయవాడలోను వినబడెను, టోక్యోలోను వినబడెను గనుక, అది ఏ ఊరిదో నాకు నిశ్చయముగా తెలియలేదు. ఇది ముసలితనపు సణుగుడని ఎవరైన అన్న కాదనను. పత్రికయు స్టేషనును కూడబెట్టిన కాగితములు, టేపులు 2015లో నార్త్ఈస్టర్న్ విశ్వవిద్యాలయపు గ్రంథాలయమునకు చేరినవి. వినవలెనను కోరిక గలదు, ఇంకను పోలేదు.

101.7 తరువాతి చరిత్ర క్లుప్తము. కొన్ని నెలలు ఏవో పాటలు, పిమ్మట నృత్యసంగీతము, 2014 వేసవిలో కంట్రీ సంగీతము. ఆ కొత్త స్టేషనుకు వారు పెట్టిన పేరు ‘ది బుల్’. తోటలో ఎద్దు పడుట యన్నది తెలుగువానికి వేరే చెప్పనక్కరలేదు. అయినను ఆ పాటలను ప్రేమించువారి మీద నాకు కోపము లేదు, వారికిని ఒక చెట్టునీడ కావలయును.

ఆ సంవత్సరమే సెప్టెంబరు 1వ తేదీన మా అమ్మాయి కళాశాల వసతిగృహము విడిచి, స్నేహితురాండ్రతో కలిసి ఆల్‌స్టన్‌లో అద్దెకు దిగినది. సామాను వేసికొనుటకు అద్దె వ్యాను తెచ్చితిని. (నది ప్రక్కన పోవు స్టారో డ్రైవు వంతెనలు పొట్టివి, ప్రతి సంవత్సరము ఆ దినమున ఎవనిదో ఒక లారీ వంతెన క్రింద ఇరుకుకొని పైకప్పు డబ్బామూతవలె లేచిపోవును, ఆ భయముచేత నేను చుట్టుదారిన పోయితిని.) వ్యానులో అమ్మాయి సామానుతోపాటు మా గ్యారేజీనుండి తీసిన పాతవస్తువులు కొన్ని ఉన్నవి, అందులో గడియారము నడువని ఆ రేడియో ఒకటి. పరుపుల గుట్ట ప్రక్కన, కాళ్లు సరిగా ఉన్న ఒక చిన్నబల్ల కనిపింపగా, దానిమీద రేడియోను నిలబెట్టి, 74 సెంటీమీటర్ల తీగను చుట్టచుట్టి దాని తలపై పెట్టితిని.

“నాన్నా, దీన్ని ఎవరు తీసుకుంటారు?” అని అమ్మాయి నవ్వెను.

“నేను తీసుకోలేదూ?”

మూడవ అంతస్తునకు మంచము ఎక్కించి, బీరువా బిగించి, అమ్మాయి స్నేహితురాండ్రు తెప్పించిన పిజ్జా తిని, దిగివచ్చునప్పటికి సాయంకాలము ఆరు గంటలైనది. రేడియో లేదు. బల్ల కూడ లేదు. పరుపుమీద, ఎవరో జాగ్రత్తగా తీసి ప్రక్కన పెట్టినట్లు, తీగచుట్ట మాత్రము ఉన్నది. వీధి ఈ కొసనుండి ఆ కొసవరకు చూచితిని. దీపపు స్తంభములు, కుర్చీలు మోయుచున్న పిల్లలు. తీగను మడచి జేబులో వేసికొని వ్యాను ఎక్కితిని.